వాన వెలిసినా వరద వదలదు

బంగాళాఖాతంలో పుట్టే గాలివాన చాలా ఊళ్లకు ఒకట్రెండు రోజుల ముచ్చట. కొల్లేటి లంకలకు మాత్రం పక్షం రోజుల పరీక్ష. భాద్రపదం సాగనంపి ఆశ్వయుజం గుమ్మంలోకి వచ్చే వేళ ఆ సరస్సు చుట్టూ ఏం జరుగుతుంది? మబ్బు విడిపోయాక కూడా అక్కడివాళ్లు ఎందుకు నిద్రపోరు?

పొద్దున ఎండ బాగానే కాస్తుంది. మధ్యాహ్నానికి ఉక్కపోత మొదలవుతుంది. ఆకు కదలదు. నీటి మీద ముడత కనపడదు. సాయంత్రానికి తూర్పున మబ్బులు బారులు తీరతాయి. రేడియోలోనో టీవీలోనో ‘వాయవ్య బంగాళాఖాతంలో అల్పపీడనం...’ అన్న మాట వినపడుతుంది. పట్నంలో ఆ మాట విన్నవాళ్లు గొడుగు ఎక్కడుందో వెతుక్కుంటారు. కొల్లేటి లంకలో విన్నవాళ్లు పడవ ఎక్కడుందో చూసుకుంటారు.

‘ఉత్తర చూసి ఎత్తర గంప’ అని మన సామెత. ఉత్తర కార్తెలో కూడా వాన పడకపోతే ఇక పంట మీద ఆశ వదులుకుని, గంప నెత్తినెత్తుకుని వలస పొమ్మని దాని అర్థం. మెట్ట రైతు చెప్పుకున్న మాట అది. కొల్లేట్లో కథ తిరగబడుతుంది. ఇక్కడ ఉత్తరలో వాన గట్టిగా పడితేనే గంప ఎత్తాల్సి వస్తుంది. బియ్యం మూట అటక మీదకు చేరుతుంది. పొయ్యి అరుగెక్కుతుంది. గేదెలు రోడ్డు గట్టుకు చేరతాయి.

అందులోనూ ఓ చిత్రం. లంకలో చినుకు పడకపోయినా వరద రావచ్చు. ఎక్కడో మైలవరం కొండల్లో, చింతలపూడి మెట్టలో కురిసిన వాన ఒకట్రెండు రోజుల తర్వాత ఇక్కడి వాకిట్లో ప్రత్యక్షమవుతుంది. నెత్తిన నీలాకాశం, కాళ్ల కింద వరద నీరు!

వచ్చే దారులు 68... పోయే దారి ఒక్కటే

కృష్ణా గోదావరి డెల్టాల నడుమ ఉన్న పల్లం కొల్లేరు. రెండు మహానదులూ వేల ఏళ్లుగా ఒండ్రు తెచ్చి చెరోవైపు నేల పెంచుకుంటూ పోతే, మధ్యలో మిగిలిపోయిన పళ్లెం లాంటిదన్నమాట. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు... ఇలా చిన్నా పెద్దా వాగులూ డ్రెయిన్లూ కలిపి 68 దారుల్లో నీళ్లు వచ్చి ఇందులో పడతాయి. మెట్ట ప్రాంతాల నుంచి వాగుల వరద, డెల్టా పొలాల నుంచి మురుగు కాల్వల నీరు... అన్నిటికీ ఇదే గమ్యం.

మరి ఇక్కడి నుంచి సముద్రంలోకి? ఒక్కటే దారి. ఉప్పుటేరు. సుమారు 60 కిలోమీటర్లు మెలికలు తిరుగుతూ బంగాళాఖాతానికి చేరుతుంది. ఆ దారి పొడవునా వాలు చాలా తక్కువ. నీళ్లు పరిగెత్తవు, నడుస్తాయి. కొన్నిసార్లు నిలబడిపోతాయి.

అన్ని వాగులూ ఒకేసారి పొంగితే సరస్సులోకి లక్షా పది వేల క్యూసెక్కుల దాకా వరద వస్తుందని పాత అంచనా. ఉప్పుటేరు తీసుకెళ్లగలిగేది అందులో ఎనిమిదో వంతో తొమ్మిదో వంతో. పెళ్లివారంతా ఒక్కసారిగా లోపలికి వచ్చేసి, బయటికి మాత్రం కిటికీలోంచి ఒక్కొక్కరూ దూకాల్సి వస్తే ఎలా ఉంటుందో కొల్లేటి పరిస్థితి అదే.

ఓ చిన్న లెక్క వేసి చూద్దాం. కొల్లేరుకు నీళ్లు పంపే నేల విస్తీర్ణం సుమారు 6 వేల చదరపు కిలోమీటర్లు. వాయుగుండం పుణ్యమా అని అంత మేరా 10 సెంటీమీటర్ల వాన పడిందనుకుందాం. ఆ నీరంతా కలిపితే 60 కోట్ల ఘనపు మీటర్లు. అంటే 21 టీఎంసీల పైమాటే. సగం నేలలో ఇంకిపోయి, చెరువుల్లో నిలిచిపోయి, సగమే కొల్లేటికి చేరిందనుకున్నా 10 టీఎంసీలకు తగ్గదు. ఉప్పుటేరు 12 వేల క్యూసెక్కుల చొప్పున ఎడతెగకుండా పారితే రోజుకు పోయేది ఒక్క టీఎంసీ. ఒక్కరోజు వాన ఖాళీ కావడానికి పది రోజులు! ఈలోగా మరో అల్పపీడనం వస్తే లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

వాన వెలిసినా వరద వదలదని లంకల్లో అనుకునేది ఇందుకే.

గాలి ఎటు తిరిగితే...

వాన ఒక్కటే అయితే ఏదోలా తట్టుకోవచ్చు. దానికి గాలి తోడైతేనే కష్టం.

మన దగ్గర వాయుగుండం చుట్టూ గాలి గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. కాబట్టి దాని కేంద్రం ఎక్కడుందన్న దాన్ని బట్టి కొల్లేటి మీద వీచే గాలి దిక్కు మారిపోతుంది. నైరుతి రుతుపవనాల చివరి రోజుల్లో, అంటే సెప్టెంబరులో, ఎక్కువ వాయుగుండాలు ఉత్తరకోస్తా వైపో ఒడిశా వైపో తీరం దాటుతుంటాయి. అప్పుడు కొల్లేటి మీద పడమటి గాలి, వాయవ్యపు గాలి విసురుతాయి. అక్టోబరు నడిమికి వచ్చేసరికి దారి దక్షిణానికి జరుగుతుంది. కేంద్రం మచిలీపట్నానికీ ఒంగోలుకూ మధ్య ఉందంటే కొల్లేటి మీద తూర్పు గాలి. ఇదే ఎక్కువ భయపెడుతుంది.

కారణం సముద్రం. తూర్పు గాలి కెరటాలను ఒడ్డు మీదకు తోస్తుంది. తీరంలో నీటిమట్టం పెరుగుతుంది. ఉప్పుటేరు మొగ దగ్గర సముద్రమే ఎత్తులో ఉంటే ఏటి నీరు ఎలా దిగుతుంది? మామూలు రోజుల్లోనే అక్కడ పోటు వేళ పారుదల మందగిస్తుంది. పాటు వేళ పుంజుకుంటుంది. అమావాస్యకూ పున్నమికీ పోట్లు పెద్దవి. వాయుగుండం, తూర్పు గాలి, అమావాస్య... ఈ మూడూ కలిసొస్తే ఉప్పుటేరుకు బిరడా బిగించినట్టే.

సరస్సులోనూ గాలి తన పని తాను చేస్తుంది. కొల్లేరు విశాలమే గానీ లోతు తక్కువ. చాలాచోట్ల మనిషి నిలువు కూడా ఉండదు. అలాంటి నీటి మీద గంటకు యాభై, అరవై కిలోమీటర్ల గాలి గంటల తరబడి వీస్తే నీరంతా ఓ పక్కకు ఒరుగుతుంది. ఎదురొడ్డున మట్టం పెరుగుతుంది. చిన్న చిన్న అలలు మట్టి గట్టును అదే పనిగా కొరుకుతుంటాయి. రాత్రి చూసినప్పుడు బండి తిరిగేంత వెడల్పున్న గట్టు తెల్లారేసరికి కాలిబాటంతే మిగలొచ్చు.

గుర్రపుడెక్క సంగతి సరేసరి. మామూలప్పుడు అక్కడక్కడా పచ్చగా తేలుతూ ఫొటోలకు అందంగా ఉంటుంది. గాలికి అదంతా ఓ పక్కకు కొట్టుకొచ్చి వంతెన ఖానాల్లో ఇరుక్కుంటుంది. దాని వెనక కిక్కిస గడ్డి, చెత్త, తెగిన వలలు. నీరు పోయేది అసలే ఇరుకు దారి, దానికి ఓ తడిక అడ్డం పెట్టినట్టవుతుంది. వరద రోజుల్లో పెదఎడ్లగాడి లాంటి వంతెనల దగ్గర గుర్రపుడెక్క తీయించడమే అధికారులకు పెద్ద పని.

చెరువు గట్టు మీద జాగారం

ఇప్పటి కొల్లేటి కథలో సగం చేపల చెరువులది. బొచ్చె, శీలావతి పెంచి, ఐసు పెట్టెల్లో సర్ది, లారీల్లో కోల్‌కతాకూ అసోంకూ పంపే వ్యాపారం ఇది. అప్పు తెచ్చి లీజు కట్టి, పిల్ల వదిలి, నెలల తరబడి తవుడు మేపిన రైతుకు సెప్టెంబరు గాలివాన రెండు వైపుల నుంచి గండం తెస్తుంది.

మొదటిది కంటికి కనపడనిది. ఎండ కాసే రోజుల్లో నీటిలోని సూక్ష్మమైన నాచు ప్రాణవాయువును తయారు చేస్తుంది. రెండు మూడు రోజులు మబ్బు పడితే ఆ పని కుంటుపడుతుంది. రాత్రయితే నాచు కూడా చేపలతో పోటీపడి ఉన్న ప్రాణవాయువును వాడేసుకుంటుంది. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. రైతుకు గుండె ఆగినంత పనవుతుంది. మేత ఆపాలి. ఏరియేటర్లు తిప్పాలి. మోటారు పెట్టి నీటిని చిమ్మించాలి. కానీ గాలికి కరెంటు స్తంభాలు ఒరిగిపోయి ఉంటాయి. జనరేటరుకు డీజిలు కావాలి. డీజిలు తేవడానికి రోడ్డు మునిగి ఉంటుంది.

రెండోది కంటికి కనపడేది. బయటి వరద చెరువు గట్టును తాకుతుంది. జానెడు, బెత్తెడు అంటూ పెరుగుతుంది. గట్టు మీద ఇసుక బస్తాలు పేరుస్తారు. చుట్టూ వలలు కట్టి కర్రలు పాతుతారు, నీరు పొర్లినా చేప పోకుండా. టార్చిలైట్లు పట్టుకుని రాత్రంతా గట్ల మీద తిరుగుతారు. ఎక్కడో ఒకచోట ఎండ్రకాయ బొరియ చాలు, దానిలోంచి సన్నటి ధార మొదలవుతుంది. గంటలో అది గండి. ఏడాది పెట్టుబడి కళ్లముందే కొల్లేట్లో కలిసిపోతుంది.

మర్నాడు అవే చేపలు వేరేవాళ్ల వలలో పడతాయి. చెరువు లేని పేద మత్స్యకారుడికి అది ఊహించని పండగ. ఒకరి గండి మరొకరికి గంజి. ఎవరినీ తప్పుపట్టలేం. వరద అలాంటిది మరి.

ఆ సెప్టెంబరు...

గాలివాన దెబ్బ ఒక్క కొల్లేటితో ఆగదని 2024లో రాష్ట్రమంతా చూసింది.

ఆ ఏడాది ఆగస్టు 31న విజయవాడ మీద ఆకాశం చిల్లుపడ్డట్టు కురిసింది. బంగాళాఖాతంలోని వాయుగుండం సెప్టెంబరు 1 వేకువన కళింగపట్నం సమీపంలో తీరం దాటింది. అది దాటింది శ్రీకాకుళం జిల్లాలో. ముంచింది కృష్ణా తీరాన్ని. తుపాను ఎక్కడ తీరం దాటుతుందన్నదే కాదు, దాని మబ్బులు ఎక్కడ కుమ్మరిస్తాయన్నదీ అంతే ముఖ్యమని ఆ రెండు రోజులు నేర్పాయి.

బుడమేరు సహజంగా కొల్లేటికి పోయే వాగు. విజయవాడను దాని బారి నుంచి కాపాడాలని వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, ఓ మళ్లింపు కాల్వ తవ్వి, కొంత వరదను ప్రకాశం బ్యారేజీ ఎగువన కృష్ణలో కలిపే ఏర్పాటు చేశారు. కృష్ణ శాంతంగా ఉన్నప్పుడు ఈ ఏర్పాటు చక్కగా పనిచేస్తుంది. అప్పుడు మాత్రం కృష్ణ శాంతంగా లేదు. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. 2009 అక్టోబరు నాటి వరద రికార్డు చెరిగిపోయింది. కృష్ణే నిండుగా ఉంటే వాగు నీటిని ఎలా తీసుకుంటుంది? బుడమేరు కాల్వ ఉబ్బింది. గట్టుకు మూడు గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్, చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. సైన్యం సాయంతో చివరి గండి పూడ్చింది సెప్టెంబరు 7న. ఆరోజు వినాయక చవితి. ఆ ఏడు చాలా ఇళ్లలో పత్రి కోసం వెతుక్కోలేదు, తాగునీటి ప్యాకెట్ కోసం ఎదురుచూశారు.

బెజవాడ నీరు తగ్గుతోందంటే టీవీ చూస్తున్నవాళ్లంతా ఊపిరి పీల్చుకున్నారు. కొల్లేటి ఊళ్లు మాత్రం అప్పుడే ఊపిరి బిగబట్టాయి. అక్కడ తగ్గిన నీరు ఇక్కడికే కదా రావాలి! మండవల్లి, కైకలూరు వైపు లంక రోడ్ల మీదకు నీళ్లెక్కాయి. ఏలూరు–కైకలూరు దారి తెగింది. పైగా సెప్టెంబరు 2 పోలాల అమావాస్య. ఏడాదిలో పెద్ద పోట్లు వచ్చే రోజుల్లో అవీ కొన్ని.

ఇదేమీ కొత్త కథ కాదు. 2005 సెప్టెంబరులో ‘ప్యార్’ తుపాను కూడా కళింగపట్నం దగ్గరే తీరం దాటింది. ఆ నెలలోనే బుడమేరు విజయవాడ శివార్లను ముంచింది. పందొమ్మిదేళ్ల తేడాతో అదే నెల, అదే తీరం, అదే వాగు!

గీతల మీద గొడవ

కొల్లేరు గురించి ఎవరు మాట్లాడినా కాంటూరు అన్న మాట రాక తప్పదు. సముద్రమట్టానికి ఎన్ని అడుగుల ఎత్తులో ఉందన్నదాన్ని బట్టి గీసే గీత అది. పదో కాంటూరు దాకా లెక్కేస్తే కొల్లేరు 901 చదరపు కిలోమీటర్లు. అయిదో కాంటూరు దాకా ఉన్న 308 చదరపు కిలోమీటర్లను 1999లో ప్రభుత్వం అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల జాబితాలోకి కొల్లేరు చేరింది.

కాగితం మీద గీత గీయడం తేలికే. నేల మీద అప్పటికే మనుషులున్నారు. ఒకప్పుడు కొల్లేటి గర్భంలో వరి వేసేవారు. వరదకు పంట పోయేది. 1970ల ద్వితీయార్ధంలో ప్రభుత్వమే సహకార సంఘాలు పెట్టించి, మత్స్యకారులకూ బడుగు వర్గాలకూ చేపల చెరువులు తవ్వించి ఇచ్చింది. లాభం కనపడేసరికి బయటి పెట్టుబడి వచ్చింది. సంఘాల చెరువులు లీజుల్లోకి వెళ్లాయి. గట్టు పక్కన గట్టు లేచింది. సరస్సు గళ్లనుడికారం దుప్పటిలా తయారైంది. వరద వచ్చి పరుచుకోవాల్సిన చోట మట్టి గోడలు నిలబడ్డాయి. పరుచుకునే చోటు లేని నీరు పైకి లేస్తుంది. అంతే సూత్రం.

2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో అయిదో కాంటూరు లోపలి చెరువుల గట్లు పొక్లెయిన్లతో తెంచారు. నీరు మళ్లీ విశాలంగా పరుచుకుంది. పక్షులు పెరిగాయి. అదే సమయంలో చెరువు మీదే బతుకుతున్న ఎన్నో కుటుంబాలు పని వెతుక్కుంటూ వలస వెళ్లాయి. 2008లో అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని శాసనసభ తీర్మానించింది. కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ ఆ కుదింపు కూడదంది. అభయారణ్యంలో చిక్కుకున్న జిరాయితీ భూముల రైతులకు పరిహారం సంగతి తేల్చాలనీ చెప్పింది. ఈ వాదోపవాదాల నడుమ తెంచిన గట్లలో చాలా మళ్లీ మొలిచాయి.

ఇందులో ఎవరి పక్షం న్యాయం? లంకలో ఉన్నవాడికి బతకడానికి చెరువు కావాలి. ఆ చెరువు గట్టు వల్ల పెరిగిన నీరు ముందుగా ముంచేదీ ఆ లంకనే. చెరువు వద్దంటే పస్తు, గట్టు ఉంటే వరద. లీజుదారు పట్నంలో ఉంటాడు కాబట్టి అతని ఇంట్లోకి నీళ్లు రావు. ఈ చిక్కుముడి విప్పకుండా ఎన్ని గీతలు గీసినా ప్రతి సెప్టెంబరులోనూ నీరు తన గీత తానే గీసుకుంటుంది.

చుట్టూ నీళ్లే... తాగడానికి లేవు

కొల్లేటి గర్భంలో 46 లంక గ్రామాలు, అంచున 76 గ్రామాలు ఉన్నాయని లెక్క. వరద రోజుల్లో లంకల దినచర్యే మారిపోతుంది.

ముందు రోడ్డు పోతుంది. ఊరికీ బయటి ప్రపంచానికీ ఉన్న ఒకే ఒక్క దారి మీద మోకాలి లోతు నీరు. ఆటో రాదు, బస్సు రాదు. ట్రాక్టరు కొన్నాళ్లు తిరుగుతుంది. ఆ తర్వాత పడవే. ఒకప్పుడు తాటిమాను తొలిచి చేసిన దోనెలు ప్రతి ఇంటి ముందూ ఉండేవి. రోడ్లు వచ్చాక వాటి వాడకం తగ్గింది. వరద వచ్చినప్పుడల్లా ఊరు మళ్లీ వాటిని గుర్తు చేసుకుంటుంది.

నెలలు నిండిన ఇంటి ఆడబిడ్డను నీరు పెరగకముందే కైకలూరో ఏలూరో చుట్టాలింటికి పంపేస్తారు. బీపీ, షుగరు మాత్రలు వాడే పెద్దవాళ్లకు పదిహేను రోజుల మందులు ఒకేసారి తెచ్చిపెడతారు. బడికి సెలవు. కొన్నిచోట్ల బడే పునరావాస కేంద్రం. పిల్లలకు మొదటి రెండు రోజులు సంబరం. మూడో రోజుకు వాళ్లకీ విసుగు. ఇళ్లలోకి పాములు వస్తాయి. పాపం వాటికి మాత్రం పొడి నేల ఎక్కడుంది? గేదెలకు గడ్డి దొరకదు. పాలు తగ్గుతాయి.

అన్నిటికన్నా పెద్ద కష్టం తాగునీరు. మురుగు కాల్వల నీరు, చెరువుల నీరు, వరద నీరు అన్నీ కలిసిపోతాయి. తాగునీటి చెరువులోకీ అవే దిగుతాయి. కనుచూపు మేరా నీళ్లుంటాయి. బిందె నింపుకోవడానికి మాత్రం ట్యాంకరో, పడవ మీద వచ్చే క్యానో దిక్కు. కాచి చల్లార్చి తాగమని ఆరోగ్య కార్యకర్తలు చెబుతారు. కాయడానికి పొయ్యిలోకి పొడి పుల్ల దొరకాలి, లేదా గ్యాసు బండ రోడ్డు దాటి రావాలి.

నీరు దిగేటప్పుడు ఇంకో అంకం. గోడలకు మోకాలెత్తున మట్టి చార మిగులుతుంది. వాకిట్లో బురద, కుళ్లిన గుర్రపుడెక్క వాసన, దోమలు. పిల్లల జ్వరాలు. వరద ఫొటోలు తీసినవాళ్లు అప్పటికి వెళ్లిపోయి ఉంటారు.

వరద ఇచ్చేదీ ఉంది

ఇంత చెప్పాక వరదంటే శాపమే అనిపిస్తుంది. పెద్దతరం మత్స్యకారులు మాత్రం అలా అనుకోరు. వాళ్ల లెక్కలో వరద కొల్లేటికి ఏడాదికోసారి పోసే తలంటు.

వేసవిలో కొల్లేరు చిక్కిపోతుంది. ఉప్పుటేరు మీదుగా సముద్రపు ఉప్పునీరు ఎగువకు పాకుతుంది. పట్టణాల మురుగు, పొలాల మందులు, చెరువుల వ్యర్థాలు అడుగున పేరుకుంటాయి. ఓ మంచి వరద ఆ ఉప్పును వెనక్కి నెడుతుంది. మురికిని పలచన చేసి కడుగుతుంది. వాగుల వెంట ఎదురెక్కిన చేపలు గుడ్లు పెట్టుకుంటాయి. కొర్రమీను, మట్టగిడస, ఇంగిలాయి లాంటి నాటు చేపలకు ఇదే ఊపిరి. చెరువుల్లో పెంచిన చేప లీజుదారుడిది. వరద తెచ్చిన చేప వల ఉన్న ప్రతివాడిదీ. కాబట్టి లంకల్లో పేదవాడు వరదను తిడతాడు, దాని కోసం ఎదురూ చూస్తాడు.

డెల్టాకు కూడా కొల్లేరు చేసే మేలు చిన్నది కాదు. మెట్ట నుంచి దూకుడుగా వచ్చే వాగు నీటిని తన కడుపులో దాచుకుని, ఉప్పుటేరు ద్వారా మెల్లగా సముద్రానికి వదులుతుంది. ఎవరూ కట్టని జలాశయం, ఎవరూ జీతమివ్వని కాపలాదారు. దాని కడుపు కుంచించుకుపోతే ఆ నీరు వెతుక్కుంటూ వెళ్లేది పైనున్న పొలాల్లోకీ కాలనీల్లోకీనే. ఉప్పుటేరులో పూడిక తీయాలని, వెడల్పు చేయాలని, ఉప్పునీరు రాకుండా రెగ్యులేటర్లు కట్టాలని దశాబ్దాలుగా వినపడుతున్న మాటల వెనక ఉన్న అవసరం అదే. ఆ పనులు ఎండాకాలంలో జరగాలి. సెప్టెంబరులో చేయగలిగేది గుర్రపుడెక్క తీయించడం, బస్తాలు పేర్చడం మాత్రమే.

అక్టోబరు వస్తుంది. హస్త పోయి చిత్త వస్తుంది. మబ్బులు దక్షిణానికి తరలుతాయి. నీరు గట్టు దిగి, రోడ్డు దిగి, ఓ పక్కకు ఒదిగి కూర్చుంటుంది. ఆటపాక చెట్ల మీద పెలికన్లు ఒక్కొక్కటే వాలడం మొదలవుతుంది. గూడబాతులని మనవాళ్లు ముద్దుగా పిలుచుకునే ఆ పక్షులకు గూళ్లు కట్టుకోవడానికి నిండు సరస్సు కావాలి. నెల కిందట ఊళ్లను హడలెత్తించిన నీరే వాటికి పురిటిల్లు అవుతుంది.

లంకలో అటక మీది బియ్యం మూట కిందకు దిగుతుంది. పొయ్యి తన చోటుకు వస్తుంది. గోడ మీది మట్టి చారకు సున్నం వేస్తారు. పడవను మాత్రం చాలామంది దూరంగా కట్టరు. స్వాతి కార్తె ఇంకా ఉంది. బంగాళాఖాతంలో ఇంకో మబ్బు పుట్టదని ఎవరు చెప్పొచ్చారు!

వాతావరణ శాఖ మాటకు అర్థం ఇదీ...

అల్పపీడనం: గాలి వేగం గంటకు 31 కిలోమీటర్ల లోపు. గాలి తక్కువే అయినా వాన తక్కువని కాదు.

వాయుగుండం: గంటకు 31 నుంచి 49 కిలోమీటర్లు.

తీవ్ర వాయుగుండం: 50 నుంచి 61 కిలోమీటర్లు. పెంకులు, రేకులు లేచేది ఇక్కడి నుంచే. 

తుపాను: 62 నుంచి 88 కిలోమీటర్లు. ఈ స్థాయికి చేరితేనే పేరు పెడతారు. 

భారీ వర్షం అంటే 24 గంటల్లో సుమారు ఆరున్నర సెంటీమీటర్లు దాటినది. పదకొండున్నర దాటితే అతి భారీ. ఇరవై దాటితే అత్యంత భారీ.

ఒక్కమాట గుర్తుంచుకోవాలి. ఈ పేర్లన్నీ గాలిని బట్టి పెట్టినవి. వరదకు కొలత గాలి కాదు, వాన. 2024లో బెజవాడను ముంచినదానికి తుపాను పేరు కూడా లేదు. ‘వాయుగుండమే కదా’ అనుకోవడం కన్నా పొరపాటు లేదు.